ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ: అతుకుల బొంతా, ఆలోచించి కట్టిన భవనమా?

#1 సూటిమాట

ముందే చెబుతున్నాను, ఉస్మానియా మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆర్ట్స్ కాలేజీ ఫొటో కనిపించిన ప్రతిచోటా కింద "అద్భుత నిర్మాణకళ" అని రాసి ఉండడం చూసి విసుగొచ్చింది. ఎత్తైన ప్రవేశద్వారం కైరోను గుర్తుచేస్తుందంటారు. స్తంభాలు ఎల్లోరావంటారు. ఆర్చీలు బహమనీలవంటారు. నిలువు గీతల్లో యూరపు గోథిక్ (మధ్యయుగపు చర్చిల శైలి) పోలిక ఉందంటారు. ఇన్ని చోట్ల నుంచి తెచ్చి కలిపి కుడితే అది అతుకుల బొంత అవుతుంది గానీ శైలి ఎలా అవుతుంది? పెద్దగా ఉంది, గులాబీ రంగులో ఉంది, సాయంత్రపు ఎండలో ఫొటో బాగా వస్తుంది. ఇంతకు మించి అందులో ఏముందో కట్టడాల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. "మా కాలేజీ కాబట్టి గొప్పది" అనే జవాబులు మాత్రం వద్దు.

#2 తార్నాక మజిలీ

మా కాలేజీ కాబట్టి గొప్పది.

ఇప్పుడు తెలిసినవాళ్లు మాట్లాడవచ్చు. నేను ఇక్కడే ఉంటాను.

#3 పాత కాగితం

సూటిమాట గారూ, శైలి సంగతికి వెళ్లేముందు కాలక్రమం ఒకసారి చూద్దాం. చాలామంది విశ్వవిద్యాలయాన్నీ ఈ భవనాన్నీ ఒకటిగా కలిపేస్తుంటారు.

సంస్థానపు ఉన్నతాధికారి అక్బర్ హైదరీ సమర్పించిన ప్రతిపాదనను ఆమోదిస్తూ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917 ఏప్రిల్ 26న ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చారు. విశ్వవిద్యాలయ స్థాపన 1918లో. తరగతులు మొదలైంది 1919 ఆగస్టు 28న, 225 మంది విద్యార్థులతో, 25 మంది అధ్యాపకులతో. అప్పటికి సొంత ఆవరణ లేదు. గన్‌ఫౌండ్రీ, బషీర్‌బాగ్ వైపు ఉన్న ఇళ్లలో పాఠాలు చెప్పారు. ఆర్ట్స్ కాలేజీకి శంకుస్థాపన 1934 జులై 5న, ప్రారంభోత్సవం 1939 డిసెంబరు 4న. అంటే మొదటి తరగతికీ ఈ భవనం తలుపులు తెరవడానికీ మధ్య ఇరవై ఏళ్ల ఎడం. మొదటి ఇరవై ఏళ్ల పట్టభద్రుల జ్ఞాపకాల్లో ఈ మెట్లకు చోటు ఉండదన్నమాట.

ఈ ఎడం గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఆ ఇరవై ఏళ్లలో రెండు పనులు జరిగాయి. ఒకటి, స్థలం ఎంపిక. పట్టణ ప్రణాళికల్లో పేరున్న స్కాట్లండువాసి పాట్రిక్ గెడ్డెస్ ఆ రోజుల్లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యుడు. ఆయన్ను పిలిపించి ఎక్కడ కట్టాలో చూడమన్నారు. ఆయన అడిక్‌మెట్ వైపు మొగ్గి 1923లో నివేదిక ఇచ్చారు. రెండోది, సంస్థానపు వాస్తుశిల్పులు నవాబ్ జైన్ యార్ జంగ్‌నూ సయ్యద్ అలీ రజానూ ప్రపంచ పర్యటనకు పంపారు. విశ్వవిద్యాలయాలు ఎలా కడతారో చూసి రమ్మని ఐరోపా, అమెరికా, జపాను, టర్కీ, ఈజిప్టు తిప్పారు. ఈజిప్టులో వాళ్లకు ఎర్నెస్ట్ జాస్పర్ తటస్థపడ్డారు. బెల్జియం వాస్తుశిల్పి, కైరో పక్కన హీలియోపోలిస్ పట్టణ నిర్మాణంలో పనిచేసినవాడు. ఆయన్ను సలహాదారుగా హైదరాబాదు తీసుకొచ్చారు. మీరు చెప్పిన కైరో పోలిక గాలికి కొట్టుకువచ్చింది కాదు. కబురుపెట్టి రప్పించుకున్నది.

#4 సూటిమాట

వివరాలకు ధన్యవాదాలు. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. ప్రపంచమంతా తిరిగి నచ్చినవన్నీ ఏరుకొచ్చారని మీరే చెబుతున్నారు. ఏరుకొచ్చిన సరుకును వాకిట్లో పరిస్తే సంత అవుతుంది.

#5 శిలాక్షరం

నేను కట్టడాల పనిలో ఉన్నాను. నా దృష్టిలో ఈ భవనాన్ని ఒక్కటిగా పట్టి ఉంచేది రాయి. పోలికల జాబితా పక్కన పెట్టి రాయితో మొదలుపెట్టండి.

హైదరాబాదు నిలబడి ఉన్నది గ్రానైట్ మీద. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. బూడిద రంగులోనూ దొరుకుతుంది, గులాబీ రంగులోనూ దొరుకుతుంది. గులాబీ రంగు అందులోని పొటాషియం ఫెల్‌స్పార్ అనే ఖనిజం వల్ల వస్తుంది. ఈ రాయితో చిక్కేమిటంటే చాలా గట్టిది, పైగా గరుకు రవ్వ. ఉలితో సన్నని నగిషీ తీయబోతే అంచు ఎగిరిపోతుంది. అందుకే మన ప్రాంతపు శిల్పులు ఎప్పుడూ ఏదో ఒక దారి వెతుక్కున్నారు. కాకతీయులు సన్నని చెక్కడాలకు నల్లరాయిని, అంటే డోలరైట్‌ను వాడారు. వేయిస్తంభాల గుడిలోనూ రామప్పలోనూ అద్దంలా మెరిసే స్తంభాలు అవే. కుతుబ్‌షాహీలు ఇంకో దారి పట్టారు. లోపల గ్రానైట్, పైన సున్నపు గచ్చు, నగిషీ అంతా ఆ గచ్చులో. చార్మినార్ మీది పూలూ తీగలూ అలా వచ్చినవే.

ఆర్ట్స్ కాలేజీలో ఈ రెండు దారులూ కావు. గ్రానైట్‌నే బయటికి చూపించారు. గచ్చు పూత వెనక దాచలేదు. ఆ నిర్ణయం తీసుకున్న క్షణంలోనే సగం డిజైను ఖరారైపోయినట్టు. సన్నని అలంకారం పనికిరాదు కాబట్టి పెద్ద పెద్ద తలాలు, లోతైన నీడలు, వరసగా నిలబడిన బరువైన స్తంభాలు, స్పష్టమైన అంచులున్న ఆర్చీలు. కైరో రూపం కావచ్చు, ఎల్లోరా రూపం కావచ్చు, ఈ రాతిలోకి దిగేసరికి తన నగలు తీసి పక్కన పెట్టాల్సిందే. అందుకే ఇన్ని మూలాలున్నా అన్నీ ఒకే యాసలో మాట్లాడుతున్నట్టు అనిపిస్తాయి.

ఇంకో మాట. అంతకు ముందు తరం హైదరాబాదు కట్టడాలను పక్కన పెట్టి చూడండి. 1908 మూసీ వరదల తర్వాత నదికి అటూ ఇటూ లేచిన హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి. ఆంగ్ల వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చేతి మీదుగా వచ్చినవి. వాటిమీద గుమ్మటాల గుంపు ఉంటుంది, ఆకాశరేఖ అంతా వంపులే. ఆర్ట్స్ కాలేజీలో అలాంటి గుమ్మటాలు లేవు. పైభాగం చదునుగా, గీత గీసినట్టు ఉంటుంది. 1930ల నాటి కొత్త అభిరుచి అది. పాత రూపాలను వాడుతూనే పాత భవనంలా నటించకుండా ఉండడం నాకు ఇందులో నచ్చే విషయం.

#6 బీదరు బాటసారి

శిలాక్షరం గారి మాటకు ఒకటి జోడిస్తాను. ఎల్లోరా గుహలు చెక్కింది బసాల్ట్‌లో, అంటే లావా చల్లారి గట్టిపడిన దక్కను రాతిలో. అక్కడి స్తంభం కొండను తొలిచి వదిలేసిన భాగం. ఇక్కడ అదే రూపాన్ని రాళ్లు పేర్చి నిలబెట్టారు. పని తీరే తలకిందులు. దాన్ని నకలు అనడం న్యాయం కాదనిపిస్తుంది.

ఇక అసలు విషయం. ఎల్లోరా, అజంతా, బీదరు, గుల్బర్గా, వరంగల్లు, గోల్కొండ. ఈ పేర్లను వరసగా చదవండి. ఇవన్నీ అప్పటి హైదరాబాదు సంస్థానంలోనివే! ఔరంగాబాదు జిల్లా నిజాం ఏలుబడిలోనిది. అజంతా చిత్రాలు పాడైపోతుంటే 1920లలో ఇటలీ నుంచి నిపుణులను పిలిపించి బాగుచేయించింది కూడా నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖే, గులాం యాజ్దానీ ఆధ్వర్యంలో. అంటే ఈ భవనం తన రాజ్యంలోని కట్టడాలను ఒక్కచోట కూర్చి చూపించింది. "మాది పదహారు జిల్లాల రాజ్యం, ఎనిమిది తెలుగువి, అయిదు మరాఠీవి, మూడు కన్నడవి, బౌద్ధ గుహ నుంచి బహమనీ కోట దాకా అన్నీ మా ఇంటివే" అని రాతిలో చెప్పుకోవడం. కైరో, గోథిక్ మాత్రమే బయటి చుట్టాలు.

సూటిమాట గారు సంత అన్నారు. నాకైతే ఇది ఆస్తి జాబితాలా కనిపిస్తుంది. రాజుగారి దస్తావేజు.

#7 సూటిమాట

ఇది కొత్తగా ఉంది, ఆలోచించదగ్గది. కానీ అప్పుడు ఇంకో ప్రశ్న వస్తుంది. గోడల మీద అందరికీ చోటు ఇచ్చినవాళ్లు గోడల లోపల ఇచ్చారా? పాఠాలన్నీ ఉర్దూలోనే కదా.

#8 పాత కాగితం

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన వాటిలో మంచి ప్రశ్న ఇదే. సూటిగా ఒక్క ముక్కలో తేలేది కాదు.

ఉర్దూ మాధ్యమానికి ఉన్న గొప్పతనం ముందు ఒప్పుకోవాలి. దేశంలో విశ్వవిద్యాలయాలన్నీ ఇంగ్లీషులో చెబుతున్న కాలంలో, ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పిన మొదటి విశ్వవిద్యాలయం ఇది. వైద్యం, ఇంజినీరింగు కూడా ఉర్దూలోనే. పుస్తకాలు లేకపోతే రాయించారు. దారుల్ తర్జుమా పేరుతో 1917లోనే అనువాద విభాగం పెట్టి, మౌల్వీ అబ్దుల్ హక్ సారథ్యంలో, భౌతికశాస్త్రం నుంచి చరిత్ర దాకా ఉర్దూలోకి తెచ్చారు, పారిభాషిక పదాలు పుట్టించారు. రవీంద్రనాథ్ టాగూరు ఈ ప్రయత్నాన్ని మనసారా స్వాగతించారు. ఇంగ్లీషును అందరూ చదవాల్సిన పాఠ్యాంశంగా ఉంచారు.

రెండో వైపు. సంస్థానంలో ఉర్దూ మాతృభాషగా ఉన్నవాళ్లు చిన్న సంఖ్య. జనంలో సగానికి దగ్గరగా తెలుగువాళ్లు, ఆ తర్వాత మరాఠీ, కన్నడం వాళ్లు. కరీంనగరం పల్లె నుంచి వచ్చిన కుర్రవాడికి ఉర్దూ కూడా నేర్చుకోవాల్సిన భాషే. అతనికి ఇంగ్లీషు పోయి ఇంకో మెట్టు వచ్చింది, అంతే. తెలుగు ఒక పాఠ్యాంశంగా ఉండేది, రాయప్రోలు సుబ్బారావు గారు అక్కడే తెలుగు ఆచార్యులుగా పనిచేశారు. కానీ తెలుగులో రసాయనశాస్త్రం చెప్పలేదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: భవనం చూపించిన ఉదారత సంస్థకు లేదు. రాతిగోడ కన్నా పాఠ్యప్రణాళిక ఇరుకుగా ఉండింది. 1948లో సంస్థానం భారతదేశంలో కలిశాక మాధ్యమం ఇంగ్లీషుకు మారింది. అప్పుడు ఉర్దూ వాళ్లకు అన్యాయం జరిగిందన్న బాధ ఒకవైపు, తెలుగుకు అప్పుడూ చోటు దొరకలేదన్న బాధ ఇంకోవైపు. రెండూ నిజమే.

#9 తార్నాక మజిలీ

పాత కాగితం గారితో సగం ఏకీభవిస్తాను. "మెట్టు అంతే" అనడం మరీ తేలిక చేయడం. ఆ తరం తెలుగు పెద్దలెందరో ఉర్దూలో చదువుకుని తెలుగులో రాసినవాళ్లు. రెండు భాషల మీదా పట్టు వాళ్లకు అక్కడే వచ్చింది. అది నష్టమే అని లెక్క రాసేయలేం.

#10 పాత కాగితం

ఆ మాట వ్యక్తులకు వర్తిస్తుంది. చదువు మధ్యలో ఆపేసి వెనక్కి వెళ్లినవాళ్లు ఏ భాషలోనూ జ్ఞాపకాలు రాయలేదు కాబట్టి మనకు కనిపించరు. ఇక్కడితో ఆపుతాను, లేకపోతే ఇది భాషల చర్చగా మారిపోతుంది.

#11 వాల్తేరు గాలి

మా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఊసెత్తకుండా పదకొండో జవాబు దాకా వచ్చారే! పోల్చి చూస్తే ఉస్మానియా ప్రత్యేకత ఇంకా బాగా తెలుస్తుంది.

మాది 1926లో బెజవాడలో పుట్టింది, కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి ఉపాధ్యక్షులు (వైస్ ఛాన్సలర్). తర్వాత వాల్తేరు మిట్టకు చేరింది. 1931 నుంచి 1936 దాకా ఆ పదవిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. సైన్సు కాలేజీ పేరులోనే జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారి దానం ఉంది. అక్కడ డబ్బు విరాళాలతో, ఏటా ప్రభుత్వ గ్రాంటుతో నడిచింది. ఒక్కో భవనం వీలైనప్పుడు లేచింది. సముద్రం ఎదురుగా ఉన్న మిట్ట, గాలి, వాలు, ఇవే మా ప్రాంగణానికి రూపం ఇచ్చాయి. యుద్ధ కాలంలో సామాను సర్దుకుని గుంటూరు వెళ్లిపోవాల్సి వచ్చింది కూడా.

ఉస్మానియా అలా కాదు. ఒకే రాజు, ఒకే ఖజానా, మొదటే వేసుకున్న పెద్ద పథకం. అందువల్లే అంత పెద్ద కేంద్ర భవనం సాధ్యమైంది. అందం సంగతి సరే, నాకైతే విద్యార్థికి భయం పుట్టించే భవనం అది. గుమ్మం దగ్గర నిలబడితే చీమంత అయిపోతాం. మా వాల్తేరు భవనాలు మనిషి కొలతలో ఉంటాయి.

#12 శిలాక్షరం

వాల్తేరు గాలి గారూ, ఆ "చీమంత" అనిపించడం కావాలని చేసిందే. కైరోలో 14వ శతాబ్దపు సుల్తాన్ హసన్ మదరసా ద్వారంతో దీన్ని పోలుస్తారు. అదీ చదువు చెప్పే చోటే. గోడ మొత్తం ఎత్తును ద్వారానికే ఇచ్చేయడం ఆ సంప్రదాయం. ఇరాన్‌లోనూ మధ్య ఆసియాలోనూ కూడా ఈ పద్ధతి ఉంది. రాజభవనానికీ మసీదుకూ ఇచ్చే మర్యాదను బడికి ఇచ్చారని చదువుకోవచ్చు. మీకు భయం అనిపించింది, నాకు మర్యాద అనిపిస్తుంది.

అయితే రెక్కల వైపు నడిస్తే కొలత మారిపోతుంది. ద్వారం దగ్గరి భారీతనం వరండాల్లో ఉండదు. లోతైన వరండా వల్ల ఎండ నేరుగా గదుల్లోకి పడదు, దళసరి గోడ వేడిని ఆలస్యంగా లోపలికి పంపుతుంది. ఫ్యాన్లు అరుదైన కాలంలో ఏప్రిల్ నెల పాఠాలకు ఇదే ఆసరా.

#13 సూటిమాట

ఒక సందేహం. ఇంతకీ దీని వాస్తుశిల్పి ఎవరు? ఒకచోట జాస్పర్ అని, ఇంకోచోట జైన్ యార్ జంగ్ అని రాస్తారు.

#14 పాత కాగితం

ఒక్క పేరే చెప్పమంటే చెప్పేవాడి పక్షపాతం బయటపడుతుంది. రూపకల్పనలో జాస్పర్ పాత్ర పెద్దది. దాన్ని ఇక్కడి రాతికీ, ఇక్కడి పనివాళ్లకూ, ఇక్కడి ఖజానాకూ తగ్గట్టు నిలబెట్టినవాళ్లు జైన్ యార్ జంగ్, అలీ రజా. హీలియోపోలిస్‌లో జాస్పర్ కట్టిన పెద్ద హోటల్ ఇప్పుడు ఈజిప్టు అధ్యక్ష భవనం. దాని పక్కన ఆర్ట్స్ కాలేజీ ఫొటో పెట్టి చూడండి, ఇక్కడి చెయ్యి ఎంత ఉందో తెలుస్తుంది. ఇక జైన్ యార్ జంగ్ జీవితం మరో మలుపు తిరిగింది. 1948లో విలీనానికి ముందు రోజుల్లో ఢిల్లీలో నిజాం ప్రతినిధి ఆయనే. కట్టడాల మనిషి కూలుతున్న రాజ్యం తరఫున మాట్లాడాల్సి వచ్చింది.

#15 బీదరు బాటసారి

అడిక్‌మెట్ నేల పాత చరిత్ర ఎవరూ చెప్పలేదు, నేనే చెబుతాను. ఆ నేల గెడ్డెస్ చూసే నాటికి ఖాళీ బీడు, కానీ చరిత్ర లేని నేల కాదు. అది మహ్‌లఖా బాయి చందా జాగీరు. ఉర్దూ కవయిత్రి, గాయని, నిజాంల ఆస్థానంలో పలుకుబడి ఉన్న స్త్రీ, 1824లో కన్నుమూసింది. సమాధి మౌలాలీ గుట్ట కింద ఉంది. ఆమె పేరుతో ఉన్న దిగుడుబావి ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ప్రాంగణం వైపు ఉంది. ప్రాంగణానికి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగి వెనక్కి వస్తారు. ఆ బావిని చూడకపోతే ఈ నేలను సగమే చూసినట్టు.

#16 తార్నాక మజిలీ

నా వంతు. ఇన్ని చెప్పారు గానీ ఆ మెట్ల గురించి ఒక్కరూ రాయలేదు. ఆర్ట్స్ కాలేజీకి ఆకారం ఇచ్చింది వాస్తుశిల్పులైతే అర్థం ఇచ్చింది విద్యార్థులు.

భవనం ఇంకా పూర్తి కాకముందే, 1938లో, హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. చాలామంది నాగపూరు వెళ్లి చదువు పూర్తిచేసుకున్నారు. తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు వాళ్లలో ఒకరు. 1952 ముల్కీ ఉద్యమం (ఉద్యోగాలు స్థానికులకే అన్నది), 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం, మళ్లీ తెలంగాణ కోసమే 2009 చివరి నెలలు. ప్రతిసారీ సభ ఎక్కడ అంటే ఆర్ట్స్ కాలేజీ ముందే. 1969నే చూడండి. తపాలా శాఖ స్వర్ణోత్సవ బిళ్ల విడుదల చేసిందీ, ప్రాంగణంలో తరగతులు ఆగిపోయిందీ ఒకే ఏడాది. పెద్ద మెట్లు, ముందు విశాలమైన ఖాళీ, వెనక ఎత్తైన గోడ. రాజుగారి వైభవం కోసం వేసిన పటం జనసభకు సరిగ్గా సరిపోయింది. ఆ సంగతి నిజాంకు ముందే తెలిసి ఉంటే మెట్లు తగ్గించేవారేమో!

1953లో అంబేడ్కర్ గారికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది కూడా ఈ విశ్వవిద్యాలయమే. పైన పాత కాగితం గారు ఇరుకు అన్నారు కదా, ఆ తర్వాత కాస్త వెడల్పు అయిందని చెప్పడానికి ఇది రాశాను.

#17 నిర్వాహకులు

2009 ఘటనల మీద పార్టీల పేర్లతో వచ్చిన నాలుగు జవాబులు తొలగించాం. భవనం మీద, ప్రాంగణ చరిత్ర మీద ఎంతైనా వాదించుకోండి.

#18 వాల్తేరు గాలి

శిలాక్షరం గారి వరండా మాట బాగుంది. అయినా ఒక్క భవనం ఇంత వెలిగిపోతే మిగతా ప్రాంగణం నీడలో పడిపోతుంది. ఆ తర్వాత వచ్చిన బ్లాకుల్లో చాలావాటికి ఆర్ట్స్ కాలేజీతో ఏ సంబంధమూ కనిపించదు. గెడ్డెస్ లాంటివాడిని పిలిచి మొదలుపెట్టిన ప్రాంగణం చివరికి ఎక్కడ చోటుంటే అక్కడ కట్టిన ప్రాంగణం అయింది. అంచుల్లో భూమి తగాదాలు సరేసరి.

#19 శిలాక్షరం

దీనికి నా దగ్గర సమాధానం లేదు, మీరన్నది సరైనదే. కోఠీ మహిళా కళాశాల గురించి కూడా ఇదే బాధ. 1800ల మొదట్లో నిజాం దర్బారులోని బ్రిటిష్ ప్రతినిధి కర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ అది, 1949 నుంచి ఉస్మానియా మహిళా కళాశాల, ఇప్పుడు ప్రత్యేక విశ్వవిద్యాలయం. అన్నట్టు సూటిమాట గారూ, అతుకులు లేని ఒకే శైలి కావాలంటే అక్కడికి వెళ్లండి. పెద్ద స్తంభాలు, ముందు త్రికోణపు ముఖభాగం, పూర్తిగా యూరపు రూపం. అచ్చంగా ఒకే శైలి, పూర్తిగా ఇంకొకరి శైలి. ఏది సొంతం అనాలో మీరే తేల్చుకోండి.

#20 సూటిమాట

ఈ చివరి దెబ్బ గట్టిగా తగిలింది. అతుకుల బొంత అన్న మాట పూర్తిగా వెనక్కి తీసుకోను, ఎందుకంటే ద్వారం దగ్గర కైరో కాస్త ఎక్కువైందనే ఇప్పటికీ నా నమ్మకం. రాయి సంగతి, వరండాల సంగతి మాత్రం స్వయంగా చూడాలి. ఏ వేళ వెళితే మంచిది? ఎక్కడ దిగాలి?

#21 శిలాక్షరం

పొద్దున వెళ్లండి. ముందు దూరంగా నిలబడి పైగీత చూడండి, తర్వాత స్తంభాల దగ్గరికి వెళ్లి ఉలి పని ఎక్కడ ఆగిందో చూడండి. సన్నని చెక్కడం వదిలేసి రాయి బరువునే నమ్ముకున్న చోట్లు మీకే దొరుకుతాయి. చివరగా రెక్కల వెంట నడవండి.

#22 తార్నాక మజిలీ

ఎంఎంటీఎస్ నగర రైల్లో రండి. ఆర్ట్స్ కాలేజీ అనే స్టేషనే ఉంది. పక్కన జామియా ఉస్మానియా అని ఇంకోటి కూడా ఉంది, ఏదైనా ఫరవాలేదు. తరగతులు జరిగే రోజైతే గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి, గేటు దగ్గర అడగవచ్చు. బీదరు బాటసారి గారు చెప్పిన దిగుడుబావి చూడాలంటే ఇఫ్లూ వాళ్ల అనుమతి వేరే తీసుకోవాలి.